టీనేజర్లకు స్కూల్ ఫార్మల్ ఫంక్షన్ డ్రెస్ కోడ్: కాగితం మీద ఏం రాయాలి, ఇంట్లో ఎలా సిద్ధం కావాలి?

వేదికపనులు:
13 నుంచి 18 ఏళ్ళ పిల్లలు పాల్గొనే స్కూల్ కార్యక్రమానికి డ్రెస్ కోడ్ కొత్తగా రాయాలి. మొదట పట్టాల ప్రదానం, తర్వాత పిల్లల వాద్యబృందం కచేరీ, చివర విందు. ఇప్పుడున్న కాగితంలో "అందరూ మర్యాదగా, ఫార్మల్‌గా రావాలి" అని ఒక్క వాక్యమే ఉంది. ఏమేం రాయాలి? ఎంత ముందు చెప్పాలి? కొలతలు పెట్టాలా? పెడితే ఎవరు చూడాలి? కుట్టుపని తెలిసినవాళ్ళు, స్టేజీ పనులు చూసేవాళ్ళు కూడా చెప్పండి.

నియమావళి:
ఆ ఒక్క వాక్యంలో మూడు సంగతులు కలిసిపోయాయండీ. సందర్భానికి తగ్గ స్థాయి ఒకటి. ఒళ్ళు ఎంతవరకు కప్పాలన్నది రెండోది. మెట్లు, వైర్లు, జనం ఉన్నచోట పడకుండా నడవగలగడం మూడోది. మూడింటినీ ఒకే ముద్దగా "మర్యాద" అంటే గేటు దగ్గర నిలబడ్డ మనిషి అభిరుచే నిబంధన అయిపోతుంది. విడివిడిగా రాయండి.

స్థాయిని బట్టల పేర్లతో చెప్పండి. "సెమీ ఫార్మల్", "బ్లాక్ టై" లాంటివి శుభలేఖల్లోంచి ఎత్తి రాస్తే పిల్లలకు అర్థం కావు. బ్లాక్ టై అంటే డిన్నర్ జాకెట్, బో టై. నల్లరంగు మామూలు టై కట్టుకుంటే సరిపోతుందనుకునేవాళ్ళే ఎక్కువ. ఇలా రాస్తే గొడవ ఉండదు:

"కాలరున్న పొడుగుచేతుల చొక్కా, ఫుల్ ప్యాంటు, వేళ్ళు మూసే బూట్లు. లేదా మోకాలి దాకా గానీ అంతకంటే కిందికి గానీ వచ్చే గౌను లేక స్కర్టు. లేదా మీ ఇంటి సంప్రదాయంలో వేడుకలకు వేసుకునే దుస్తులు. కోటు, టై ఉంటే వేసుకోవచ్చు, తప్పనిసరి కాదు. ఉతికి ఇస్త్రీ చేసిన స్కూల్ యూనిఫాం ఎప్పుడూ సరే. జీన్స్, టీషర్టు, ట్రాక్‌ప్యాంటు, రబ్బరు చెప్పులు వద్దు."

ఇందులో అమ్మాయిలకు ఒక వరుస, అబ్బాయిలకు ఒక వరుస పెట్టలేదు. ఎవరికి ఏది నప్పితే అది. అమెరికాలో అమ్మాయిలు స్కర్టే వేసుకోవాలన్న ఒక నార్త్ కరోలినా చార్టర్ స్కూలు (ప్రభుత్వ నిధులతో విడిగా నడిచే బడి) నియమం రాజ్యాంగం చెప్పే సమానత్వానికి విరుద్ధమని 2022లో ఫోర్త్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు తేల్చింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. చట్టం దేశానికొక రకంగా ఉంటుంది, కానీ ఆ రెండు వరుసలు ఎక్కడున్నా అదే తగువు తెస్తాయి.

యూనిఫాం వాక్యాన్ని మాత్రం ఎవరు చెప్పినా కొట్టేయకండి. కొత్త బట్టలు కొనలేని పిల్లవాడు ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పుకోకుండా తలెత్తుకుని లోపలికి రాగలిగే దారి అదొక్కటే.

వేదికపనులు:
బాగుంది. మరి పొడవు సంగతి? చేతులు కిందికి వదిలితే వేళ్ళ చివరలు తగిలేచోటికంటే కిందికి ఉండాలన్న పాత లెక్క కమిటీలో కొందరికి ఇష్టం.

నియమావళి:
అది వదిలేయండి. చేతుల పొడవు మనిషి మనిషికీ మారుతుంది. టీనేజ్‌లో చేతులు, కాళ్ళు నడుముపై భాగం కంటే ముందు సాగుతాయి. ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లలు ఒకే గౌను వేసుకుంటే ఒకరు పాసవుతారు, ఒకరు ఫెయిలవుతారు. అంటే ఆ లెక్క కొలుస్తున్నది గౌనును కాదు, ఒంటిని.

టేపు పట్టుకుని గేటు దగ్గర కొలవడం ఇంకా తప్పు. అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ అయిన జీఏఓ 2022 అక్టోబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ సుమారు 93 శాతం స్కూల్ జిల్లాల్లో ఏదో ఒక డ్రెస్ కోడ్ ఉంది. ఆ కోడ్‌లలో దాదాపు 60 శాతం పిల్లల ఒంటినీ బట్టల్నీ కొలిచే నియమాలు పెట్టినవే. పెద్దవాళ్ళు పిల్లల్ని తాకే పరిస్థితి దీనివల్ల వస్తుందని ఆ నివేదికే చెప్పింది. ఒరెగాన్‌లోని నౌ అనే మహిళా సంఘం 2016లో తయారుచేసిన నమూనా కోడ్ ఇంకో దారి పట్టింది: ఒంట్లో ఏయే భాగాలు నిండుగా కప్పే బట్టతో ఉండాలో చెప్పి, మిగతాది పిల్లలకు వదిలేసింది. ఫార్మల్ ఫంక్షనుకు దానికి తోడు స్థాయి గురించి నాలుగు మాటలు రాసుకుంటే చాలు.

సూదీదారం:
కొలత బదులు కదలిక పరీక్ష పెట్టండి. ఇంట్లో, అద్దం ముందు, ఆ రోజు వేసుకునే బూట్లూ లోదుస్తులతోనే పిల్లలు తామే చేసుకోవాలి.

గట్టి కుర్చీలో కూర్చుని రెండు నిమిషాలు ఉండాలి. స్కర్టు ఎంత పైకి జరిగింది, ప్యాంటు నడుము వెనక ఎంత దిగింది చూసుకోవాలి. రెండు చేతులూ పైకెత్తాలి, చొక్కా బయటికొస్తుందా, చంక దగ్గర కుట్టు లాగుతుందా తెలుస్తుంది. వంగి నేలమీది పెన్ను తీయాలి, మెడ దగ్గర బట్ట ఒంటికి దూరంగా వేలాడితే అక్కడ ఒక హుక్కు గానీ చిన్న టాకా గానీ కావాలి. నాలుగు మెట్లు ఎక్కి దిగాలి. ఈ నాలుగూ చేస్తూ ఒక్కసారి కూడా చేత్తో బట్ట సర్దుకోనక్కర్లేకపోతే అది ఫంక్షనుకు పనికొస్తుంది. పొడవు టేపుతో కొలవనక్కర్లేదు.

ఇక కాలం. కాగితం ఎనిమిది వారాల ముందు ఇంటికి చేరాలి. కోటు ఆల్టరేషన్‌కు రెండు వారాలైనా పడుతుంది, ఫంక్షన్ల సీజన్లో ఇంకా ఎక్కువ. అలాగని రెండు నెలల ముందే చివరి కొలత తీసుకోవద్దు. ఎదుగుదల ఊపులో ఉన్న పిల్లలు ఏడాదికి 8 నుంచి 10 సెంటీమీటర్లు పెరుగుతారు. అంటే రెండు నెలల్లో ఒకటిన్నర సెంటీమీటరు. ప్యాంటు పొట్టయినట్టు కనబడటానికి అది చాలు. చివరి ట్రయల్ పది రోజుల ముందు వేయండి. ప్యాంటు అంచులో లోపలికి 4, 5 సెంటీమీటర్లు, చేతుల దగ్గర 3 సెంటీమీటర్లు మార్జిన్ వదిలి మడత కుట్టమని ముందే చెప్పండి. కత్తిరించేస్తే ఇక ఆ బట్ట తిరిగి రాదు.

కోటు కొనేటప్పుడు ముందు భుజాలు చూడాలి. భుజం కుట్టు భుజం ఎముక చివర ఉండాలి. అక్కడ పెద్దదైతే సరిచేయడం చాలా పెద్ద పని, చేతిని మొత్తం విప్పి మళ్ళీ కుట్టాలి. నడుము దగ్గర లూజు, చేతుల పొడవు మాత్రం సులువు. గుండీ పెట్టాక పొట్ట మీద ముడతలు గుణకారం గుర్తులా లాగితే కోటు బిగుతు. చేతుల చివర చొక్కా కఫ్ 1 నుంచి 1.5 సెంటీమీటర్లు బయటికి కనబడాలి. "ఎదిగే పిల్లాడు కదా" అని రెండు సైజులు పెద్దది కొంటే భుజాలు జారిపోయి ఫోటోల్లో పిల్లాడు కోటులో మునిగిపోయినట్టుంటాడు. ఒక్క సైజు పెద్దది తీసుకుని నడుము, చేతులు లోపలికి పట్టించండి. వచ్చే ఏడు విప్పుకోవచ్చు.

పదహారేళ్ళు:
మేడమ్, నాకు మూడు డౌట్లు. కొత్త కోటు జేబులు తెరుచుకోవడం లేదు, కుట్టేసి ఉన్నాయి. వెనక చీలిక దగ్గర తెల్లదారంతో గుణకారం గుర్తు ఉంది, అది డిజైనేనా? టై ఎంత పొడవు రావాలి, నాకెప్పుడూ పొట్టిగానే వస్తుంది.

సూదీదారం:
మంచి ప్రశ్నలమ్మా. ఆ తెల్లదారం డిజైన్ కాదు, రవాణాలో కోటు నలగకుండా వేసిన కచ్చాకుట్టు. చిన్న కత్తెరతో దారాన్ని మాత్రమే కత్తిరించి లాగేయి. చేతి అంచు మీద బ్రాండ్ లేబుల్ ఉంటే అదీ తీసేయాలి. బయటి జేబులు కూడా అలాంటి కుట్టుతోనే మూసుంటాయి, కానీ అన్నీ కాదు. కొన్ని కోట్లకు ఉత్తుత్తి జేబులే ఉంటాయి. వేలితో లోపల తడిమి, సంచి తగిలితేనే విప్పు. ఛాతీ మీది జేబు తెరిచినా అందులో ఫోను పెట్టకు, బరువుకు ముందుభాగం సాగి వేలాడుతుంది.

రెండు గుండీల కోటయితే పైది మాత్రమే పెట్టుకో. మూడు గుండీలైతే నడిమిది, ఇష్టమైతే పైది కూడా. అడుగుది ఎప్పుడూ వదిలేయాలి. కూర్చునేటప్పుడు అన్నీ తీసేయి, లేకపోతే కాజా దగ్గర బట్ట చిరుగుతుంది.

టై కొన బెల్టు బకిల్‌ను తాకాలి. పొట్టిగా వస్తోందంటే సన్నపు కొనను మరీ కిందికి వదిలి మొదలుపెడుతున్నావు. వెడల్పు కొన కుడివైపు, సన్నపు కొన బొడ్డుకు రెండు మూడు వేళ్ళు పైన ఉండేలా పెట్టుకో. వెడల్పు కొనను సన్నదాని మీదుగా ఎడమకు, వెనకనుంచి కుడికి, మళ్ళీ ముందునుంచి ఎడమకు తిప్పు. మెడ దగ్గర కిందనుంచి పైకి తీసి, ముందున్న చుట్టులోంచి కిందికి దించు. ముడి పట్టుకుని సన్నపు కొన లాగితే పైకి బిగుస్తుంది. మామూలు టైలు 145 నుంచి 150 సెంటీమీటర్లుంటాయి. నువ్వు బాగా పొడుగైతే, సన్నపు కొనను ఇంకొంచెం పైనుంచి మొదలుపెట్టినా చాలకపోతే, పొడుగు టై అడుగు. కాలర్ గుండీ పెట్టాక మెడకీ కాలరుకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. దూరకపోతే తప్పు టైది కాదు, చొక్కాది.

పదహారేళ్ళు:
థాంక్యూ మేడమ్. సాక్సు తెల్లవి వేసుకోవచ్చా?

సూదీదారం:
ప్యాంటు రంగుకు దగ్గరి ముదురు రంగు, పిక్క సగం దాకా వచ్చేవి వేసుకో నాన్నా. స్టేజీ మీద కూర్చున్నప్పుడు ప్యాంటు పైకి జరిగి, పొట్టి సాక్సు పైన కాలు తెల్లగా మెరుస్తుంది.

స్టేజీలైటు:
కచేరీ ఉంది కాబట్టి వాద్యబృందానికి విడిగా ఒక పేరా కావాలి. "అందరూ నలుపు" అని రాస్తారు, లైట్ల కింద ఇరవై రకాల నలుపులు కనబడతాయి. నూలు నలుపు ఉతికేకొద్దీ గోధుమరంగులోకి పోతుంది, పాలిస్టర్ నలుపు కొన్ని లైట్లకు నీలంగా మెరుస్తుంది, వెల్వెట్ ఒక్కటే గుంటలా కనబడుతుంది. నూరుశాతం ఒకటవ్వాలంటే బట్ట ఒకే తానులోంచి రావాలి, అది అనవసర ఖర్చు. బదులుగా వరుసల్లో నిలబెట్టేటప్పుడు వెలిసిన నలుపు వేసుకున్నవాళ్ళని వెనక వరుసకో చివర్లకో పంపకుండా మధ్యలోకి కలిపేయండి. దూరంనుంచి తేడా తెలియదు.

వయొలిన్ వాయించేవాళ్ళకు కోటు చంక దగ్గర వదులు ఉండాలి, లేకపోతే కమాను చివరిదాకా లాగలేరు. సెల్లో వాళ్ళకు ఫుల్ ప్యాంటు గానీ ఘేరున్న పొడుగు స్కర్టు గానీ తప్పదు, ఇరుకు స్కర్టుతో వాద్యం మోకాళ్ళ మధ్య నిలవదు. పూసలు, చమ్కీలు వాద్యాల వార్నిష్‌ను గీకేస్తాయి, గాజులు మైకుల్లో వినబడతాయి. కాలరు మైకు పెట్టేవాళ్ళకు గట్టి అంచున్న కాలర్ ఉండాలి, బ్యాటరీ డబ్బాకు బెల్టో నడుముపట్టీనో కావాలి. పలచటి గౌను వెనక ఆ డబ్బా తగిలిస్తే బట్ట సాగి వీపు తెరుచుకుంటుంది. ఇవన్నీ పిల్లలకు ముందే తెలిస్తే వాళ్ళే చూసుకుంటారు.

ఇంకొకటి, పలచటి బట్ట. ఇంట్లో మామూలు లైటులో ఏమీ తెలియదు. కిటికీకి వీపు పెట్టి నిలబడి ఒకసారి, చీకటి గదిలో బట్టను హ్యాంగరుకు తగిలించి వెనక ఫోను టార్చి పెట్టి ఒకసారి చూడాలి. ఫ్లాష్‌తో ఫోటోలు తీసేవాళ్ళు హాలంతా ఉంటారు. తెల్ల చొక్కా కింద తెల్ల బనియను చొక్కాలోంచి గీతలా కనబడుతుంది. ఒంటి రంగుకు దగ్గరిదైతే కనబడదు. గౌనుకు లోపలి స్లిప్ కూడా అంతే.

గౌనుఅంచు:
పొడుగు గౌన్ల అంచు బూట్లు వేసుకుని, నేలకు 2 సెంటీమీటర్లు పైకి ఉండేలా కొలుస్తారు. మీ పిల్లలు స్టేజీ మెట్లు ఎక్కాలి కాబట్టి 4, 5 సెంటీమీటర్లు వదిలేయండి. దిగేటప్పుడు చేతుల్లో పట్టా, పూలగుత్తి ఉంటాయి. గౌను ఎత్తిపట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. హీలు 5 సెంటీమీటర్ల లోపు, అడుగు వెడల్పుగా ఉండాలి. సన్నటి హీలు చెక్క స్టేజీ పలకల సందుల్లో దిగబడుతుంది. కొత్త బూట్లు వారం పాటు రోజూ అరగంట ఇంట్లో వేసుకోవాలి, అడుగు నున్నగా ఉంటే గరుకు కాగితంతో రుద్దాలి.

భుజాలు లేని గౌను నిలబడేది ఛాతీ పట్టుతో కాదు, నడుము పట్టుతో. లోపల నడుము దగ్గర గట్టి రిబ్బన్ను నాలుగైదు చోట్ల కుట్టి, వెనక రెండు హుక్కులతో బిగిస్తే బరువంతా నడుమే మోస్తుంది. జారదు, పైకి లాక్కోనక్కర్లేదు. జిప్పు వేసే ముందే ఆ హుక్కులు పెట్టుకోవాలి. రెండువైపుల అంటుకునే టేపు మీద ఒక్కదానిమీదే ఆధారపడకండి. లోషన్ గానీ పౌడరు గానీ రాసిన చర్మానికి అంటదు, చెమటకు రెండు గంటల్లో ఊడిపోతుంది. కొందరికి దద్దురు వస్తుంది. ముందురోజు మోచేతి లోపల చిన్న ముక్క అంటించి చూసుకోవాలి.

జిప్పు పైన హుక్కు తప్పకుండా ఉండాలి. హుక్కు లేని జిప్పు కూర్చోగానే కొంచెం కొంచెం కిందికి దిగుతుంది. జిప్పు బిగిస్తే పళ్ళమీద కొవ్వొత్తి గానీ పెన్సిల్ ములికి గానీ రుద్దండి, నూనె రాయకండి, బట్టకు మరక పడుతుంది. సింథటిక్ స్లిప్ కాళ్ళకు అతుక్కుంటే లోపలివైపు లోహపు హ్యాంగరుతో ఒకసారి తుడవండి.

వేదికపనులు:
చాలా ఉపయోగం. కమిటీలో ఒక ఆలోచన వచ్చింది: పిల్లలు బట్టలు వేసుకుని ఫోటో పంపితే ముందే సరే అనో కాదనో చెప్పేయొచ్చని.

నియమావళి:
వేసుకున్న ఫోటో వద్దండీ, ఖచ్చితంగా వద్దు. మైనర్ పిల్లల ఫోటోలు ఒంటి కొలతల కోసం పెద్దవాళ్ళ ఫోన్లలోకి చేరకూడదు. అనుమానం ఉన్నవాళ్ళు హ్యాంగరుకు తగిలించిన బట్ట ఫోటో, స్కూల్ ఆఫీసు మెయిలుకు పంపొచ్చని రాయండి. తప్పనిసరి చేయకండి. రెండు పనిదినాల్లో జవాబివ్వాలి. కాదంటే ఏ వాక్యం ప్రకారం కాదో, ఏం మారిస్తే సరిపోతుందో రాయాలి. ఒకసారి సరే అన్నది గేటు దగ్గర మార్చకూడదు.

గేటు దగ్గర ఎవరినీ ఆపకండి. లోపలికి రానిచ్చి, ఇబ్బంది ఉందనిపిస్తే పక్కగదిలో, ఇద్దరు పెద్దవాళ్ళు ఉండగా, బట్ట గురించి మాత్రమే మాట్లాడాలి. "నీ మీద బాగాలేదు" అనే మాట ఎవరి నోటా రాకూడదు. "పక్క కుట్టు విడిపోయింది, పిన్నీసు కావాలా?" అంటే చాలు. ముట్టుకోవద్దు, పిన్నీసు పిల్లల చేతికే ఇవ్వాలి. బట్టల పేరుతో పట్టా తీసుకోకుండా వెనక్కి పంపడం మాత్రం ఏ పరిస్థితుల్లోనూ ఉండదని కాగితంలో రాసేయండి.

చక్రాలకుర్చీ:
మినహాయింపుల పేరా అడుగున చిన్న అక్షరాల్లో వేయకండి, మొదటి పేజీలోనే పెట్టండి. తలపాగా, తలగుడ్డ, మతచిహ్నాలు, సహజమైన జుట్టు, జడలు ఎవరి అనుమతీ అడగకుండానే సరే అని రాయాలి. వైద్యం సంగతి కూడా అంతే. ఇన్సులిన్ పంపుకు జేబో నడుముపట్టీయో కావాలి, గౌనైతే పక్క కుట్టులో 12 సెంటీమీటర్ల లోతు జేబు పెట్టించుకోవచ్చు. వెన్నుకు బ్రేస్ వేసుకునేవాళ్ళ కొలతలు బ్రేస్ మీదనుంచే తీయాలి. లేబుళ్ళు, గరుకు బట్ట తట్టుకోలేని పిల్లలకు మెత్తటి నిట్ ప్యాంటు ముదురు రంగులో ఉంటే ఫార్మల్‌గానే కనబడుతుంది, కాలర్ గుండీ, టై బలవంతం చేయకండి.

చక్రాలకుర్చీలో కూర్చునేవాళ్ళకు కొలతలన్నీ కూర్చోబెట్టే తీయాలి. ప్యాంటు వెనక నడుము ఎత్తుగా, ముందు తక్కువగా ఉండాలి. వెనక జేబులు, మందపు కుట్లు చర్మం మీద ఒత్తిడి పుండ్లకు దారితీస్తాయి కాబట్టి అవి వద్దు. కోటు పొడవు ఒడిదాకా మాత్రమే ఉంటే ముందు ఉబ్బదు. గౌను చీలమండ పైకే ఉండాలి, ఘేరు ఎక్కువైతే చక్రంలో చిక్కుకుంటుంది. వదులు చేతులు కూడా అంతే.

వేదికపనులు:
పక్కగదిలో ఏమేం పెట్టాలి? సుమారు నూటయాభైమంది పిల్లలు. పట్టాల గౌన్లు, టోపీలు కూడా మేమే ఇస్తున్నాం.

గౌనుఅంచు:
పిన్నీసులు మూడు సైజుల్లో యాభై. నలుపు, తెలుపు, నీలం దారాలు ఎక్కించిన సూదులు ఆరు. బట్ట టేపు రెండు చుట్టలు, ఊడిన అంచు మడత ఐదు నిమిషాల్లో అంటించేయొచ్చు. ముదురు రంగు టైలు ఆరు, బెల్టులు నాలుగు, సాక్సులు పది జతలు, సాదా శాలువాలు ఆరు. చర్మానికి అంటించే ప్లాస్టర్లు, శానిటరీ ప్యాడ్లు, తడి తుడుపుకాగితాలు, ముదురు రంగు ప్యాంట్లు నాలుగు సైజుల్లో. కోట్లు అరువు ఇచ్చేట్టయితే ఆ రోజు కాదు, వారం ముందు, స్కూల్ బ్యాగులో పెట్టుకుపోయేలా ఇవ్వండి. ఆ రోజు ఇస్తే ఎవరు తెచ్చుకోలేకపోయారో హాలంతటికీ తెలిసిపోతుంది.

స్టేజీలైటు:
ఇక పట్టాల గౌన్ల సంగతి. ప్యాకెట్లోంచి తీసిన రోజే మడతలు పోవు, రెండురోజుల ముందు హ్యాంగరుకు తగిలించాలి. పాలిస్టర్ కాబట్టి వేడి ఇస్త్రీ నేరుగా పెడితే మెరుపు మచ్చ పడుతుంది. లోపలివైపునుంచి, పలచటి నూలుగుడ్డ అడ్డం పెట్టి తక్కువ వేడిలో చేయాలి. అంచు పిక్క మధ్యకు రావాలి. మెడ దగ్గర విషయం ఎవరూ చెప్పరు: వెనక వేలాడే హుడ్ (గౌను మీద మెడలో వేసుకునే బట్ట) బరువుకు గొంతు మీదికి లాగుతుంది. దాని ముందు భాగంలో చిన్న దారపు ఉచ్చు ఉంటుంది, చొక్కా గుండీకి తగిలిస్తే నిలుస్తుంది. గుండీలేని బట్టలు వేసుకున్నవాళ్ళకు చిన్న పిన్నీసు ఇవ్వండి.

టోపీ పలక నేలకు సమంగా, అంచు కనుబొమల మీద రెండు వేళ్ళ ఎత్తులో ఉండాలి. వెనక్కి వాల్చి పెట్టుకుంటే మొదటిసారి తల వంచగానే పడుతుంది. జుట్టుకు రంగు కలిసే పిన్నులు నాలుగు, నాలుగు మూలల దగ్గర, టోపీ లోపలి పట్టీలోంచి గుచ్చాలి. తలపాగా, తలగుడ్డ మీద టోపీ అక్కర్లేదు, కుచ్చు మాత్రం భుజం దగ్గర హుడ్‌కు కుట్టి ఇవ్వొచ్చు. ఎత్తుగా దువ్విన జుట్టు, మందపు జడలు ఉన్నవాళ్ళకు లోపలి ఎలాస్టిక్ వెనక కుట్టు విప్పి, వెడల్పు హెయిర్‌బ్యాండు మీద టోపీని నాలుగుచోట్ల టాకా వేస్తే బ్యాండే పట్టుకుంటుంది. అది రిహార్సల్ రోజు చేయించండి, ఒక్కో టోపీకి పది నిమిషాలు పడుతుంది.